తాయ్‌చోంగ్ పాయింట్ నొక్కేది ఎక్కడ, ఎలా

తాయ్‌చోంగ్ అంటే చైనా సంప్రదాయ వైద్యంలో పాదం మీద వేలితో నొక్కే ఒక ఆక్యుప్రెషర్ పాయింట్. దాన్ని నొక్కినా ఏమీ తెలియడం లేదనేవాళ్లు ముందు వేలు ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. నేనూ మొదట్లో కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య, సరిగ్గా వేళ్లు చీలే చోట నొక్కుతూ కూర్చునేవాణ్ని. అక్కడుండేది వేరే పాయింట్, శింగ్‌జియెన్, అంటే లివర్ 2. మనకు కావలసిన తాయ్‌చోంగ్, అంటే లివర్ 3, ఇంకాస్త పైకి ఉంటుంది.

కుర్చీలో కూర్చుని ఒక కాలు రెండో మోకాలి మీద వేసుకోండి. నేల మీదికి వంగి నొక్కితే రెండు నిమిషాల్లో నడుం పట్టేస్తుంది. ఇప్పుడు చూపుడు వేలు ఆ వేళ్ల సందులో ఆనించి, పాదం పైభాగం మీదుగా చీలమండ వైపు మెల్లగా జరపండి. వేలికి చెరో పక్కా ఒక ఎముక తగులుతూ ఉంటుంది. పోనుపోను ఆ రెండూ దగ్గరపడి, మధ్యలో గాడి సన్నబడి, చివరికి వేలు ఇక ముందుకు పోకుండా ఎముకకు కొట్టుకుని ఆగిపోతుంది. దానికి కొంచెం ఇవతల, వేళ్ల వైపు, చిన్న గుంట ఉంటుంది చూడండి, అదే. మెత్తగా ఆనించి ఉంచితే కొందరికి అక్కడ నాడి కూడా తెలుస్తుంది, పాదానికి రక్తం తెచ్చే ధమని ఆ దగ్గర్లోంచే పోతుంది మరి.

వేళ్ల సందు నుంచి ఇన్ని అంగుళాలు అని కొలిచి చెప్పేవాళ్లున్నారు గానీ అందరి పాదాలూ ఒక సైజులో ఉండవు కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 361 ఆక్యుపంక్చర్ పాయింట్లకు స్థానాలు ఖరారు చేస్తూ పుస్తకం వేసినప్పుడు దీన్ని ఆ రెండు ఎముకల మొదళ్లు కలిసే చోటికి ముందున్న గుంటగానే చెప్పింది. కాబట్టి స్కేలు పక్కన పెట్టి ఎముకల్ని నమ్ముకోండి.

నొక్కడానికి చేతి బొటనవేలి మెత్తటి భాగం వాడండి, గోరు తగలకూడదు. నెమ్మదిగా ఒత్తి, నాలుగైదు సెకన్లు ఆపి, వదిలి, మళ్లీ ఒత్తండి. ఒక్కో పాదానికి ఒకటి రెండు నిమిషాలు చాలు. బరువుగా, లాగుతున్నట్టు ఒక మొద్దు నొప్పి వస్తే సరిగ్గానే పట్టుకున్నారు. అలా కాకుండా వేళ్ల మధ్యకి జివ్వున కరెంటు కొట్టినట్టయితే నరం మీద పడ్డారన్నమాట, ఆ రెండు వేళ్ల మధ్య చర్మానికి స్పర్శనిచ్చే నరం అక్కడే ఉంటుంది, వేలు కొంచెం పక్కకి జరపండి.

చైనా సంప్రదాయ వైద్యంలో చిరాకు, కోపం, తలనొప్పి, నెలసరి నొప్పి లాంటివాటికి దీన్ని వాడతారు. లివర్ అన్నారు కదా అని ఫ్యాటీ లివర్‌కి నొక్కుతూ కూర్చోకండి. వాళ్ల లెక్కలో లివర్ అంటే ఒంట్లో చీ అనే శక్తి ఆగకుండా పారేలా చూసే వ్యవస్థ, దాని దారిలో ఉన్న 14 పాయింట్లలో ఇది మూడోది. శరీరం కోసి చూస్తే ఆ దారి కనపడదు. నా మటుకు నాకు టెన్షన్‌గా ఉన్నప్పుడు రెండు నిమిషాలు కుదురుగా కూర్చోబెడుతుంది, అంతకుమించి ఆశించను. బీపీ మాత్ర మాత్రం మానొద్దు.

షుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్లు, పాదం మీద పుండు, వాపు, విరిగిన ఎముక ఉన్నవాళ్లు, కాలి రక్తనాళంలో గడ్డ కట్టినవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడిగాకే. చేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్యనుండే హెగు పాయింట్‌ని దీంతో కలిపి, రెండు చేతులూ రెండు పాదాలూ కాబట్టి నాలుగు ద్వారాలంటారు, కానీ గర్భంతో ఉన్నప్పుడు ఆ హెగుని ముట్టుకోకూడదన్నది ఆ వైద్యంలోనే ఉన్న పాత నియమం. ఈ పాయింట్లలో సూదులు గుచ్చే సంగతి శిక్షణ ఉన్నవాళ్లకే వదిలేయండి.

గుంట దొరికాక అక్కడ పెన్నుతో ఒక చుక్క పెట్టుకోండి. మొదటి రెండు మూడు రోజులు మళ్లీ మళ్లీ వెతుక్కునే పని తప్పుతుంది.