హాలిడే లెట్‌లో ఫైర్ డోర్ సరిగా పడటం లేదా?

ఇంగ్లండ్‌లో ఇంటిని అతిథులకు రోజుల లెక్కన అద్దెకిస్తే 2005 నాటి ఫైర్ సేఫ్టీ ఆర్డర్ వర్తిస్తుంది. 2023 అక్టోబరు 1 నుంచి, ఇల్లు ఎంత చిన్నదైనా రిస్క్ అసెస్‌మెంట్, అంటే అగ్నిప్రమాదం ముప్పు అంచనా, రాతలో ఉండాలి. అందులో ఎఫ్‌డీ30 తలుపులు, అంటే 30 నిమిషాలు మంటను ఆపేవి, కావాలని తేలితే వాటి బాగోగులు మీవే.

సమస్య: తలుపు దగ్గరికొచ్చి ఆగిపోతోంది, గడియ పడటం లేదు.
ముందు జానెడు తెరిచి వదలండి, తర్వాత పూర్తిగా తెరిచి వదలండి. రెండుసార్లూ గడియ టక్కున పడాలి. పడకపోతే చాలామంది వెంటనే చిత్రిక పట్టిస్తారు. అది ఆఖరి పని. తయారీదారు చెప్పిన కొలత మించి చెక్కితే తలుపు సర్టిఫికేషన్ పోయినట్టే. మొదట బందుల స్క్రూలు చూడండి. వదులైతే తలుపు ఒరిగి ఫ్రేమ్‌కి తగులుతుంది. తర్వాత క్లోజర్, అంటే తలుపుని దానంతటదే మూసే పరికరం, మీదున్న చిన్న స్క్రూని పావు వంతు తిప్పి వేగం సరిచేయండి. క్లోజర్ నుంచి నూనె కారుతుంటే మార్చేయడమే. కొత్త కార్పెట్ కింద రాసుకుంటోందేమో కూడా చూడండి.

సమస్య: పైనా పక్కలా సందు ఎక్కువ.
ఉండాల్సింది సుమారు 3 మి.మీ. పౌండ్ నాణెం మందం 2.8 మి.మీ. కాబట్టి జేబులోనే కొలబద్ద ఉంది. నాణెం వదులుగా ఆడితే బందులు సరిచేయించండి. మామూలు ఫోమ్‌తో పూడ్చొద్దు.

సమస్య: సీల్ మీద పెయింట్.
సీల్ అంటే తలుపు అంచున ఉండే స్ట్రిప్. అది వేడికి ఉబ్బి సందు మూస్తుంది, దాని మీది కుచ్చులాంటి బ్రష్ పొగను ఆపుతుంది. పెయింటర్ ఉత్సాహంలో ఆ కుచ్చు గట్టిపడిపోతే అదే సైజుది కొత్తది వేయించాలి.

సమస్య: అతిథులు కిచెన్ తలుపుకి కుర్చీ అడ్డం పెడుతున్నారు.
చేతిలో ప్లేట్లున్నవాళ్లకి మీ నోటీసు కనపడదు. అలారం మోగగానే తలుపుని వదిలేసే హోల్డ్-ఓపెన్ పరికరం పెట్టించండి.

మీరుండే ఇంటి లోపలి తలుపులకు మామూలుగా క్లోజర్ అక్కర్లేదు. కానీ ఇంటికి కలిసిన గరాజ్‌లోకి తెరుచుకునే తలుపు దానంతటదే మూసుకోవాలి.

సమస్య: బయటికి పోవాలంటే తాళంచెవి వెతకాలి.
లోపలివైపు చేత్తో తిప్పే తాళం బిగించండి. చెవిని మేకుకి తగిలించడం చాలదు, పొగలో ఆ మేకు కనపడదు.