సైలెంట్ వ్యాలీకి పోయేముందు సాక్సులు కుట్టుకోండి

నేను తిరుపతిలో బ్లౌజులు కుడతాను. అడవుల గురించి చెప్పడానికి నువ్వెవరమ్మా అని అడగొచ్చు. పోయిన సెప్టెంబరు చివర్లో నేను, మా ఆయన, మా వదిన, వాళ్ళ అబ్బాయి కేరళలోని సైలెంట్ వ్యాలీ అనే వర్షారణ్యానికి వెళ్ళొచ్చాం. అప్పటినుంచి షాపుకొచ్చిన ప్రతివాళ్ళూ ఎలా వెళ్ళాలి, ఏం తీసుకెళ్ళాలి అని అడుగుతున్నారు. బ్లౌజు కొలత తీసుకుంటూ చెప్తుంటే కొలతలు తప్పుతున్నాయి. అందుకే రాసేస్తున్నా.

అడవంటే మనకు తలకోన, శేషాచలం. ఎండాకాలం ఆకులు రాల్చేసే చెట్లు, కాలికింద కరకరలాడే ఎండుటాకులు. వర్షారణ్యం అలా ఉండదు. అక్కడ ఆకులు కూడా మెత్తగా నాని, అడుగు వేస్తే చప్పుడే రాదు. ఉదయం ఆరేసిన బట్ట సాయంత్రానికి ఇంకా బరువెక్కుతుంది. తలకోనకు సర్దినట్టు సంచి సర్దుకుంటే మొదటి పూటకే ఇబ్బంది పడతారు.

ఎప్పుడు వెళ్ళాలంటే, మన క్యాలెండరు చూసుకుని మాత్రం వెళ్ళకండి. మనకు గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో. వాళ్ళకు జూన్ నుంచే దంచి కొడుతుంది. మనం ఎండకు మాడిపోతూ చల్లగా ఉంటుంది కదా అని జూన్, జులైల్లో బయల్దేరితే అడవి కాదు, వానే చూసి వస్తారు. డిసెంబరు, జనవరి హాయిగా ఉంటుంది, జలగలు కూడా తక్కువ. కాకపోతే అప్పుడు శబరిమల సీజన్. తిరుపతి, చిత్తూరు మీదుగా వెళ్ళే శబరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులన్నీ స్వాములవే. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆరోజే చేయించుకోండి. రాత్రి ఎక్కితే తెల్లారాక పాలక్కాడ్‌లో దిగొచ్చు. అక్కడినుంచి బస్సులో మన్నార్‌కాడ్, ఆపైన ఘాట్ రోడ్డులో ముక్కాలి అనే ఊరు. అడవిలోకి దారి ముక్కాలి నుంచే.

మేం దెబ్బతిన్నది ముక్కాలిలోనే. "బుకింగ్ అక్కర్లేదు, వెళ్తే జీపు దొరుకుతుంది" అని ఒక ట్రావెల్స్ అతను చెప్తే నమ్మేశాం. వెళ్ళేసరికి ఆరోజు జీపులన్నీ నిండిపోయాయి. నాలుగు ఇడ్లీలు తిని మన్నార్‌కాడ్ లాడ్జీకి తిరిగొచ్చి ఒకరోజంతా టీవీ చూశాం. లోపలికి సొంత వాహనాలు పంపరు. అటవీశాఖ అనుమతి ఉన్న జీపు, గైడుతోనే వెళ్ళాలి, పొద్దున్న పూటే పంపిస్తారు. ముందే అటవీశాఖ వాళ్ళ దగ్గర నేరుగా బుక్ చేసుకుని, బయల్దేరే ముందురోజు ఫోన్ చేసి అడగండి. గట్టి వాన పడితే మూసేస్తారు.

ఇక సాక్సులు. జలగలంటే చెరువులో ఉంటాయనుకున్నా. ఇవి నేలమీద, ఆకు చివర నిలబడి అగ్గిపుల్లంత ఒళ్ళు అటూ ఇటూ ఊపుతూ మన కాలు కోసం చూస్తుంటాయి. గైడు "అట్ట, అట్ట" అని అరిస్తే పుస్తకం అట్ట ఏదో పడిపోయిందని వెనక్కి చూశాను. మలయాళంలో జలగను అట్ట అంటారట.

మామూలు సాక్సులు అల్లిక బట్ట. సాగుతుంది, అల్లికలో సందులు తెరుచుకుంటాయి, సన్నటి జలగ అందులోంచి దూరిపోతుంది. దగ్గర నేత ఉన్న గుడ్డ కావాలి. నేను తెల్ల పాప్లిన్ తీసుకున్నా, తెల్లదైతే పాకే జలగ కనిపిస్తుంది. కాగితం మీద పాదం పెట్టి గీత గీసుకుని, చుట్టూ ఒక అంగుళం వదిలి, మోకాలి దాకా వచ్చేలా బూటు ఆకారంలో రెండు ముక్కలు కత్తిరించాలి. ముందు పైవైపున సన్నగా ఒక కుట్టు, తర్వాత తిప్పి లోపల ఇంకో కుట్టు. అంచు ఎక్కడా బయటికి కనిపించకూడదు. పైన గూడు వేసి లంగా నాడా ఎక్కించి, మోకాలి కింద బిగించి ముడేయాలి. ప్యాంటు సాక్సు లోపలికి దోపాలి, పైనుంచి వదలకూడదు. ఒంటి కుట్టుతో సరిపెట్టకండి. తొందరలో మా వదిన జతకు నేను అలాగే వేశా, అదీ కాస్త పెద్ద కుట్టు. మడమ దగ్గర దారం జారి సందు పడింది. సరిగ్గా అక్కడే దూరింది. ఆ రోజు నుంచి నా కుట్టు గురించి వదిన దగ్గర మాట్లాడలేకపోతున్నా.

జలగ పట్టుకుంటే పీకకండి, కాల్చకండి. సన్నగా ఉన్న కొన వైపు నోరు ఉంటుంది. అక్కడ చర్మానికి ఆనించి గోరు పక్కకు జరిపితే పట్టు వదులుతుంది, తర్వాత రెండో కొన. నొప్పి ఏమీ ఉండదు, రక్తం మాత్రం చాలాసేపు కారుతుంది. రక్తం గడ్డకట్టకుండా దాని లాలాజలమే చేస్తుంది, అందుకని టెన్షన్ పడొద్దు. సబ్బుతో కడిగి గుడ్డతో అదిమి పట్టుకోండి. సాక్సులకు ముక్కుపొడి, ఉప్పు రాస్తారు గానీ వాన పడితే కొట్టుకుపోతాయి. నా నమ్మకం గుడ్డ మీదే.

బట్టల్లో జీన్సు వద్దు. తడిస్తే రెండు రోజులైనా ఆరదు. టర్కీ తువ్వాలు బదులు పల్చటి తుండుగుడ్డ పెట్టుకోండి. సెల్‌ఫోన్‌ని జిప్ కవర్లో వేసి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు పడేయండి. అలిపిరి మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కిన కాళ్ళైనా అక్కడ బూట్లు వేసుకోవాల్సిందే, తడి వేర్లు పాకుడు పట్టి జారతాయి. తలలో మల్లెపూలు, సెంటు, ఎర్రచీర ఇంట్లోనే వదిలేయండి. మా వదిన పూలు పెట్టుకుని వస్తే గైడు ఏమీ అనలేదు గానీ ముఖం అదోలా పెట్టాడు.

ముక్కాలి నుంచి జీపులో దాదాపు 23 కిలోమీటర్లు వెళ్తే సైరంధ్రి. అవును, విరాటపర్వంలో ద్రౌపది పేరే. కింద పారే నది కుంతి. దానిమీద డ్యామ్ కట్టబోతే జనం ఏళ్ళ తరబడి పోరాడి ఆపించారు, 1984లో నేషనల్ పార్కు అయింది. సింహవాలన్ అనే నల్లకోతి ఉండేది ఇలాంటి పడమటి కనుమల అడవుల్లోనే. మొహం చుట్టూ నెరిసిన జూలు, తోక చివర కుచ్చు. మాకు రెండు కనిపించాయి. తిరుమల ఘాట్‌లో అరటిపండు విసిరే అలవాటు కొద్దీ మా ఆయన చెయ్యి సంచిలోకి వెళ్ళింది, నేను గిల్లాను. పెట్టకూడదు. ప్లాస్టిక్ కూడా తిరుమల కొండమీదలాగే వద్దు, స్టీలు సీసా పట్టుకెళ్ళండి. చెమట ఆరదు, దాహం తెలియదు, అయినా అరగంటకోసారి నీళ్ళు తాగుతుండాలి.

తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే అడవికి వెళ్ళామని డాక్టరుకు ముందే చెప్పండి. కేరళలో ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) ఉంది. అది తడి నేల, నీళ్ళ ద్వారా, చర్మం మీద గీరుకున్న గాయాల్లోంచి ఒంట్లోకి వస్తుంది. మాత్రలు మీరే కొనుక్కుని వేసుకోకండి.

సాక్సులు కావాలని ఇప్పటికే ఆరుగురు అడిగారు. కుడతాను, కుట్టు రెండుసార్లు వేసే కుడతాను. వచ్చేటప్పుడు చెప్పుల సైజు నంబరు చెప్పకుండా, పాదం గీసిన కాగితం తెచ్చుకోండి. రెండు పాదాలవీ.