బెడ్‌రూమ్ ఏసీకి ఏ వైరు, ఎంత ఎంసీబీ?

“ఏసీకి రెండున్నర వైరు లాగెయ్, 16 ఎంసీబీ పెట్టెయ్” అనేది బాగా అలవాటైన లెక్క. రెండున్నర అంటే 2.5 చ.మి.మీ. వైరు; 16 ఎంసీబీ అంటే 16 యాంపియర్లది, కరెంటు మోతాదు మించితే తనంతట తానే పడిపోయే (ఆఫ్ అయ్యే) స్విచ్చు. ఒక్క ఏసీకి ఒక్క పైపు ఉంటే చాలావరకు సరిపోతుంది. రెండు బెడ్‌రూముల లైన్లూ ఒకే పైపులో, ఎండకి కాగే పై స్లాబులోంచి వస్తేనే చిక్కు.

ముందు లోడు. ఏసీ ప్లేటు మీద మామూలు కరెంటు, గరిష్ఠ కరెంటు అని రెండు అంకెలుంటే గరిష్ఠాన్నే తీసుకోండి. ఒకటిన్నర టన్ను ఏసీకి అది 10 యాంపియర్లు అనుకుందాం. దానికి 16 ఎంసీబీ పెడతాం. ఇక వైరు తట్టుకునే కరెంటు 16కి తగ్గకూడదు. వైరుని 10తో పోల్చి ఊరుకోవడం తప్పు. ఎంసీబీ ఉన్నది ఏసీని కాపాడటానికి కాదు, గోడలో ఉన్న వైరు కాలకుండా చూడటానికి.

గోడలో పైపులో వేసిన పీవీసీ రాగి వైరుకి, 30 డిగ్రీల దగ్గర, ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) పట్టిక ఇచ్చే అంకెలు:

1.5 చ.మి.మీ. – 17.5 యాంపియర్లు
2.5 – 24
4 – 32
6 – 41

రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో 30 డిగ్రీలు ఎక్కడిది? వేడి పెరిగితే వైరు తట్టుకునే కరెంటు తగ్గుతుంది కాబట్టి, 45 డిగ్రీలకి 0.79తో, ఒకే పైపులో రెండు లైన్లుంటే మళ్లీ 0.80తో గుణించాలి. రెండున్నర వైరు: 24 × 0.79 × 0.80 = 15.2. పదహారు ఎంసీబీకి చాలదు. నాలుగు వైరు: 20.2. సరిపోయింది. పైపులు విడివిడిగా వేస్తే రెండున్నరకే 19 వస్తుంది కాబట్టి, కొత్త ఇల్లయితే ఇంకో పైపు వేయించుకోవడమే తెలివి. వైరు కంపెనీ కాటలాగు వాడితే, అంకె ఏ ఉష్ణోగ్రతకి ఇచ్చారో చూసుకోండి. 40కి ఇచ్చినదాన్ని 30కి ఇచ్చినట్టు మళ్లీ తగ్గించకూడదు.

వోల్టేజీ డ్రాప్ (వైరు పొడవునా తగ్గిపోయే వోల్టేజీ) గురించి ఇంట్లో పెద్దగా బెంగ అక్కర్లేదు. రెండున్నర వైరుతో 25 మీటర్లకి 10 యాంపియర్ల దగ్గర పడేది 4.5 వోల్టులే. దూరంగా ఉన్న బోరు మోటారుకైతే తప్పకుండా లెక్కెయ్యాలి.

ఎంసీబీ మీద బి16, సి16 అని ఉంటుంది. బి16 తక్షణం పడిపోయేది 48–80 యాంపియర్ల మధ్య, సి16 అయితే 80–160 మధ్య. పాత రకం కంప్రెసర్ స్టార్టయ్యేటప్పుడు ఆరు రెట్లు, అంటే 60 దాకా లాగొచ్చు. అందుకే ఏసీకి ‘సి’. మాటిమాటికీ పడుతోందని 16 తీసి 32 బిగించడం మాత్రం ఘోరం. 32 ఎంసీబీ 36 యాంపియర్ల దగ్గర కూడా గంటసేపు పడకుండా ఉండగలదు. ఆలోపు రెండున్నర వైరు ఇన్సులేషన్ దెబ్బతినొచ్చు. ముందు టెర్మినల్ స్క్రూ వదులైందేమో, సాకెట్ పిన్ను దగ్గర నల్లబడిందేమో చూడండి.

ఎర్త్ సంగతి ఇంకోటి. సొంత ఎర్త్ గుంత మీదే ఆధారపడ్డ ఇంట్లో ఎర్త్ దారి మొత్తం రెసిస్టెన్స్ 5 ఓములుంటే, ఫేజు బాడీకి తగిలినా పారేది 46 యాంపియర్లే. సి16 వెంటనే పడదు, నిమిషం దాకా పట్టొచ్చు. అంతసేపూ ఏసీ బాడీ షాక్ కొడుతుంది. కాబట్టి 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కి లీకైతే పడిపోయే స్విచ్చు) ఉండి తీరాలి. ఇన్వర్టర్ ఏసీకి ‘ఏ’ టైపుది. ఎర్త్ వైరు కూడా ఫేజు వైరంత మందమే వెయ్యండి. రెండు ఏసీ లైన్లకీ ఒకటే ఆర్‌సీసీబీ పెడితే 40 యాంపియర్లది తీసుకోండి. అది ఓవర్‌లోడుకి పడదు, ఎంసీబీలు విడిగా ఉండాల్సిందే.

ఆర్‌సీసీబీ బిగించగానే ఊరికే పడుతోందంటే, ఎక్కువసార్లు దొంగ న్యూట్రలే. దాని కింది లైన్ల న్యూట్రల్‌ని వేరే లైన్ల న్యూట్రల్‌తో ఎక్కడో కలిపి ఉంటారు. మెయిన్ ఆఫ్ చేసి, ఆ న్యూట్రల్స్‌ని బోర్డులో విడిగా ఒక బార్‌కి తెప్పించండి.