టోర్షన్ బార్ల పికప్‌ను కిందికి దించడం

1999–2006 షెవర్లే సిల్వరాడో 1500 ఫోర్ వీల్ డ్రైవ్‌కు ముందువైపు కాయిల్ స్ప్రింగులు ఉండవు, టోర్షన్ బార్లుంటాయి. అంటే మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు. వాటి బిగువును అడ్జస్టర్ బోల్టుతో మార్చొచ్చు, కాబట్టి ముందు భాగం దించడానికి పార్టులేమీ కొననక్కర్లేదు.

చదునైన నేల మీద హబ్ (చక్రం మధ్య భాగం) నడుమ నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా రెండు వైపులా కొలిచి రాసుకోండి. ఫ్రేమ్‌కు జాకీ వేసి, చక్రాలు వేలాడేలా ఎత్తి స్టాండ్ల మీద నిలపండి. బరువు మీదుండగా అడ్జస్టర్ బోల్టు తిప్పితే మరలు పోతాయి. బోల్టుకు నూనె కొట్టి వదులు చేసే వైపు రెండు చుట్లు తిప్పండి, అవతలి వైపూ అన్నే. పూర్తిగా మాత్రం ఊడదీయొద్దు. బార్‌లో బిగుసుకున్న బలం చెయ్యి విరగ్గొట్టగలదు.

స్టాండ్ల మీంచి దించాక బండిని కాస్త ముందుకీ వెనక్కీ నడిపి అప్పుడు కొలవండి. లేదంటే టైర్లు నేలను పట్టేసి ఎత్తు ఎక్కువ చూపిస్తుంది. ఒకటిన్నర అంగుళం దిగితే చాలు. ఇంకా దించితే చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్ బంప్ స్టాప్ (దాని కదలికను ఆపే రబ్బరు దిమ్మ) మీద కూర్చుంటుంది, ప్రతి గతుకూ నడుముకే.

వెనక కమాను పట్టీలు యాక్సిల్ పైన ఉంటాయి. పట్టీకీ యాక్సిల్‌కీ మధ్యలో బ్లాకు పెడితే బండి దిగదు సరికదా, లేస్తుంది! 2 అంగుళాల లోయరింగ్ షాకిల్స్ (పట్టీ చివరను ఫ్రేమ్‌కు కలిపే లింకులు) వేయాలి. తర్వాత వెంటనే చక్రాల అలైన్‌మెంట్ చేయించండి. లేదంటే క్యాంబర్ (చక్రం పక్కకు వాలే కోణం) మారిపోయి ముందు టైర్ల లోపలి అంచు అరుగుతుంది.