ఏఎమ్‌లో క్యారియర్ పాతిక వాట్లు చాలు

వంద వాట్ల హామ్ రేడియో సెట్ ఉంది కదా అని ఏఎమ్‌లోనూ (గొంతును బట్టి రేడియో తరంగం ఎత్తు పెరిగి తగ్గే పద్ధతి) పవర్ నాబ్ చివరిదాకా తిప్పేవాణ్ణి. "గొంతు నలిగినట్టు వస్తోందండీ" అని బెంగళూరు నుంచి ఒకాయన చెప్పేదాకా నాకు తెలియలేదు.

లెక్క ఇదీ. క్యారియర్ అంటే మాట లేకున్నా సెట్ పంపే మూల తరంగం; దాన్ని గొంతు ఊపే మేర మాడ్యులేషన్. అది 100 శాతానికి చేరితే తరంగం శిఖరం దగ్గర వోల్టేజీ రెట్టింపవుతుంది, అంటే పవర్ నాలుగింతలు. కాబట్టి 100 వాట్ల సెట్‌లో నోరు మెదపనప్పుడు క్యారియర్ 25 వాట్లే ఉండాలి. మిగతాదంతా మీ గొంతు కోసం వదిలిన జాగా.

సెట్‌ను సరిచేయడానికి యాంటెన్నా తీసి 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (పవర్‌ను గాల్లోకి పోనీకుండా వేడిగా మింగేసే రెసిస్టర్) తగిలించండి. నాది చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొన్న రెసిస్టర్లతో కట్టుకున్నదే. తీగ చుట్టిన రెసిస్టర్లు మాత్రం దీనికి పనికిరావు. స్పీచ్ ప్రాసెసర్ (గొంతును బిగించి గట్టిగా చేసే సర్క్యూట్) ఆపేయండి. ఇంట్లో మాట్లాడే గొంతుతోనే మాట్లాడుతూ మైక్ గెయిన్ (మైక్ సిగ్నల్‌ను పెంచే నాబ్) మెల్లగా పెంచండి. మాట పడ్డప్పుడల్లా పవర్ మీటర్ సూది కాస్త పైకి లేవాలి. కిందికి వంగిందా, క్యారియర్ ఎక్కువైనట్టే, తగ్గించండి. మరీ గెయిన్ పెంచితే తరంగం లోయల్లో క్యారియర్ తెగిపోయి మీ సిగ్నల్ పక్క ఫ్రీక్వెన్సీల వాళ్ల మీద చిందుతుంది. ఆసిలోస్కోప్ (తరంగం ఆకారాన్ని తెర మీద చూపే పరికరం) ఉంటే ఇది కళ్లారా కనిపిస్తుంది.

ఇంకోటి, ఏఎమ్‌లో మీరు మాట్లాడకపోయినా క్యారియర్ కాలుతూనే ఉంటుంది. మన చెన్నై మే నెలలో సెట్ వెనక చిన్న ఫ్యాన్ పెట్టి, ముచ్చట్లు పొట్టిగా ముగించండి.