ఒకే పేరున్న కాలేజీ ఫ్రటర్నిటీల చరిత్రను తేల్చుకోవడం ఎలా?

అమెరికా కాలేజీల్లో గ్రీకు అక్షరాలను పేరుగా పెట్టుకున్న విద్యార్థి సంఘాలే ఫ్రటర్నిటీలు. గ్రీకులో ఉన్నవి 24 అక్షరాలు. రెండేసి అక్షరాలతో పేరు పెడితే 576కు మించి రావు. పైగా 19వ శతాబ్దంలో ఒక రాష్ట్రంలో పుట్టిన సంఘం సంగతి ఇంకో రాష్ట్రం కుర్రాళ్లకు తెలియడం కష్టం. అందుకే ఏ సంబంధమూ లేని సంఘాలకు ఒకే పేరు పడింది. చరిత్ర రాసేవాళ్లు ఒకరి గొప్పనో, మచ్చనో ఇంకొకరికి అంటగట్టేస్తుంటారు. ఇది చిన్న పొరపాటేమీ కాదు. 'కప్పా ఆల్ఫా' పేరునే తీసుకుని, ఈ చిక్కుముడి ఎలా విప్పాలో చూద్దాం.

ముందు కాలేజీ, సంవత్సరం రాసుకోండి. పేరు సంగతి తర్వాత. 1812లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో 'కుక్లోస్ అడెల్ఫాన్' మొదలైంది. దాని పొడి అక్షరాలు కె.ఎ. కాబట్టి జనం దాన్నీ కప్పా ఆల్ఫా అనేవారు. ఆ శతాబ్దంలోనే అది కనుమరుగైంది. 1825లో న్యూయార్క్ రాష్ట్రం స్కెనెక్టడీలోని యూనియన్ కాలేజీలో 'కప్పా ఆల్ఫా సొసైటీ' పుట్టింది. 1865 డిసెంబర్‌లో వర్జీనియాలోని లెక్సింగ్టన్‌లో, వాషింగ్టన్ కాలేజీలో ఇంకొకటి వచ్చింది. అది 'కప్పా ఆల్ఫా ఆర్డర్'. ఈ మూడింటికీ మూడు వేరు కాగితాలు పెట్టుకోండి. ఆధారం దొరికేదాకా కలపకండి.

పాత పేర్లు కనుక్కోండి. ఆర్డర్ మొదటి పేరు 'ఫై కప్పా కై'. అదే కాలేజీలో ఉన్న 'ఫై కప్పా సై' వాళ్లు తమ పేరుకు మరీ దగ్గరగా ఉందని అభ్యంతరం చెబితే 1866లో మార్చుకున్నారు. కాబట్టి తొలి నెలల కాగితాల్లో ఆ సంఘం కొత్త పేరుతో కనబడదు. సెర్చ్‌లో 1870 నాటి మహిళల సంఘం 'కప్పా ఆల్ఫా థీటా', 1911లో ఇండియానాలో నల్లజాతి విద్యార్థులు స్థాపించిన 'కప్పా ఆల్ఫా సై' కూడా వచ్చి పడతాయి. రెండోదానికి 1915 దాకా ఉన్న పేరు 'కప్పా ఆల్ఫా ను'. ఇవి వేరే సంఘాలు, పక్కన పెట్టేయండి.

ఇక పుస్తకాల దగ్గరకు వెళ్లండి. విలియం రైమండ్ బేర్డ్ 1879లో తెచ్చిన ఫ్రటర్నిటీల కరదీపిక 1991 నాటికి 20 కూర్పులు చూసింది. ఒక్క కూర్పుతో ఆగకుండా పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత కాలేజీ ఇయర్‌బుక్‌లు, సంఘాల సభ్యుల జాబితాలు చూడాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్, హాథీ ట్రస్ట్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయాల్లో చాలా ఉచితంగా దొరుకుతాయి. స్కాన్ చేసిన పేజీల్లో గ్రీకు అక్షరాలను కంప్యూటర్ సరిగ్గా చదవలేదు. 'ఫై'ని తరచూ 4 అంకె అనుకుంటుంది. అందుకని సంఘం పేరుతో కాకుండా కాలేజీ పేరుతోనో, ఒక సభ్యుడి పేరుతోనో వెతకండి.

బ్యాడ్జ్ చూడండి. నాకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇదే. సొసైటీది గడియారానికి కీ ఇచ్చే బంగారు తాళంచెవి. అయితే 1776లో పుట్టిన ఫై బీటా కప్పా అనే మరో సంఘం బ్యాడ్జ్ కూడా తర్వాత అలాంటి తాళంచెవే అయింది. దాని శాఖ యూనియన్ కాలేజీలో 1817 నుంచే ఉంది, కాబట్టి ఈ రెండూ కలిసిపోకుండా చూసుకోండి. ఆర్డర్‌ది డాలు ఆకారం, మీద శిలువ. పాత ఇయర్‌బుక్ బొమ్మలో ఏది ఉందో చూస్తే చాలాసార్లు అక్కడికక్కడే తేలిపోతుంది.

శాఖలతో సరిపోల్చండి. సొసైటీ విలియమ్స్ కాలేజీకి 1833లో, హోబర్ట్‌కు 1844లో, కార్నెల్‌కు 1868లో, టొరంటోకు 1892లో వెళ్లింది. ఆర్డర్ పెరిగింది ప్రధానంగా దక్షిణ రాష్ట్రాల్లో. 1850లో విలియమ్స్‌లో చదివినవాణ్ని 'కప్పా ఆల్ఫా సభ్యుడు' అని ఎవరైనా రాస్తే, అతను సొసైటీ మనిషే. అప్పటికి ఆర్డర్ ఇంకా పుట్టనే లేదు.

వారసత్వం మాట వస్తే గట్టిగా నిలదీయండి. నల్లజాతివారిపై దాడులు చేసిన తెల్లజాతి దురహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్ పేరు కూడా 'కుక్లోస్' (వలయం) అనే గ్రీకు మాట నుంచే వచ్చిందంటారు. అంతమాత్రాన కప్పా ఆల్ఫాలన్నిటినీ క్లాన్‌కు ముడిపెట్టేయడం చరిత్ర కాదు. అలాగని ఉన్నదాన్ని దాచకూడదు. ఆర్డర్ స్థాపించినప్పుడు వాషింగ్టన్ కాలేజీ అధ్యక్షుడు అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టాలన్న దక్షిణాది (కాన్ఫెడరేట్) పక్షపు సేనాని రాబర్ట్ ఇ. లీ. ఆయన సభ్యుడు కాడు. అయినా ఆర్డర్ తర్వాత ఆయన్ను తన ఆధ్యాత్మిక స్థాపకుడిగా చెప్పుకుంది. ఈ రెండూ రాయాలి, రెండూ ఆర్డర్ కాగితం మీదే రాయాలి. స్కెనెక్టడీ సొసైటీకి వాటితో పని లేదు. రెండు సంఘాలకు సంబంధం ఉందని చెప్పాలంటే రెండింటిలోనూ ఉన్న మనిషో, ఆ కాలంలోనే రాసిన ఉత్తరమో, తీర్మానమో కావాలి. యాభై ఏళ్ల తర్వాత వార్షికోత్సవ సంచికలో రాసుకున్న మాట ఒక్కటీ చాలదు.

అప్పటికీ తేలకపోతే ఆ కాలేజీ ఆర్కైవ్స్‌కు మెయిల్ పెట్టండి. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి జీవితానికే ప్రత్యేకంగా ఒక ఆర్కైవ్ ఉంది, అక్కడా అడగొచ్చు. 'కప్పా ఆల్ఫా గురించి చెప్పండి' అనకండి. మనిషి పేరు, కాలేజీ, చదివిన సంవత్సరాలు, బ్యాడ్జ్ ఫొటో పంపి, ఇది ఏ సంఘమని అడగండి.