సరదా డబ్బు ఇరవయ్యో తేదీకే అయిపోతోందా? ముందు ఇది చూడండి

పెళ్ళైన కొత్తలో చాలామంది సినిమాకీ, హోటల్‌కీ, టూర్‌కీ కలిపి నెలకు ఇంత అని పక్కన పెట్టుకుంటారు. మూడు నెలలు తిరిగేసరికి ఆ పద్ధతి అటకెక్కుతుంది. అప్పుడు నా దగ్గరికి వస్తారు. ఆఫీసులో, చుట్టాల్లో ఇలాంటి జంటల లెక్కలు ఓ ఇరవై దాకా చూసి ఉంటాను. వచ్చినవాళ్ళు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు తప్ప, బ్యాంకు స్టేట్‌మెంట్ చేత్తో పట్టుకుని వచ్చినవాళ్ళు లేరు.

కాబట్టి గొడవకు ముందు ఇద్దరి ఖాతాలవీ మూడు నెలల స్టేట్‌మెంట్లు తీయండి. యూపీఐ లైట్ (చిన్న మొత్తాలు పిన్ కొట్టకుండా కట్టే పర్సు లాంటిది) వాడుతుంటే యాప్‌లో హిస్టరీ కూడా చూడాలి. లైట్‌లో కట్టే చిల్లర ఖర్చులు స్టేట్‌మెంట్‌లో విడివిడిగా రావు, అందులోకి డబ్బు వేసుకున్న ఎంట్రీ ఒక్కటే కనిపిస్తుంది. ఈ పని చేయకుండా కిందవి చదివితే టైం దండగ. చాలామంది చేయరని నాకు తెలుసు, అయినా చెబుతున్నాను.

సమస్య: 20వ తేదీకే ఖాళీ

కారణం: సరదా డబ్బు విడిగా ఉన్నది కాగితం మీదే. ఫోన్‌లో యూపీఐ మాత్రం జీతం పడే ఖాతాకే కలిపి ఉంది. పాల ప్యాకెట్టూ, రాత్రి తెప్పించుకున్న బిర్యానీ ఒకే చోటి నుంచి పోతున్నాయి.

పరిష్కారం: ఇంకో సేవింగ్స్ ఖాతా తెరవండి. జీతం పడిన రోజే సరదా మొత్తం అందులోకి పంపండి. హోటల్లో, థియేటర్లో స్కాన్ చేసేటప్పుడు ఆ ఖాతానే ఎంచుకోండి. యూపీఐ లైట్‌కి ఆటో టాప్-అప్ (డబ్బు తగ్గగానే ఖాతాలోంచి దానంతటదే నింపుకోవడం) పెట్టుకుని ఉంటే తీసేయండి. అది ఉన్నంతకాలం డబ్బు అయిపోయిన సంగతే మీకు తెలియదు.

సమస్య: డబ్బు ఖర్చవుతోంది, కానీ ఎక్కడికీ వెళ్ళినట్టు లేదు

దీని దగ్గర కాసేపు ఆగుదాం. నేను స్వయంగా రెండేళ్ళు దెబ్బ తిన్నది ఇక్కడే.

మేం హైదరాబాద్‌లో ఉంటాం. మా ఆయనది రాజమండ్రి దగ్గర పల్లెటూరు, మాది ఖమ్మం. పెళ్ళైన మొదటి ఏడాది సరదాలకని నెలకు 6,000, అంటే ఏడాదికి 72,000 పెట్టుకున్నాం. నా కోరిక ఒక్కటే, పాపికొండల పడవ ఎక్కడం. ఏడాది గడిచింది, డబ్బు అయిపోయింది, పడవ మాత్రం ఎక్కలేదు. మా ఆయన తిండి మీద తగలేస్తున్నాడని నేను, నా ఆన్‌లైన్ చీరల వల్లేనని ఆయన. చివరికి ఒక ఆదివారం స్టేట్‌మెంట్లు ముందేసుకుని కూర్చున్నాం.

సంక్రాంతికి రైలు టికెట్లు దొరక్క ప్రైవేటు బస్సు ఎక్కాం, రానూ పోనూ ఇద్దరికీ 8,800. అత్తగారింట్లో అందరికీ బట్టలు 9,000. ఏడు పెళ్ళిళ్ళలో 1,116 చొప్పున చదివింపులు, 7,812. ఆ పెళ్ళిళ్ళకు కార్ల కిరాయి 6,500. ఆడపడుచు వాళ్ళ గృహప్రవేశానికి 5,000. మొత్తం 37,112. అంటే సరదా డబ్బులో సగానికి పైగా సరదాకే పోలేదు. తిండీ చీరలూ కాదు, మొహమాటం తినేసింది.

ఇది ఎందుకు దొరకదంటే, సరదా వేషంలో వస్తుంది. ఊరెళ్ళడం సరదాయే కదా, పెళ్ళికి వెళ్ళడం సరదాయే కదా అనుకుంటాం. ఎవరి సరదా? సంక్రాంతికి అమ్మ చేతి అరిసెలు తిని, నలుగురు స్నేహితులతో తిరిగే మా ఆయనకు అది సెలవు. ఆ మూడు రోజులూ వంటింట్లో ఉండే నాకు డ్యూటీ. ఖమ్మంలో మా పిన్ని కూతురి పెళ్ళిలో సీను తిరగబడింది. నేను రాత్రి రెండింటి దాకా కబుర్లలో ఉన్నాను, ఆయన ప్లాస్టిక్ కుర్చీలో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. చిత్రమేమిటంటే పాపికొండలకు రాజమండ్రి నుంచే వెళ్ళొచ్చు. అంత దగ్గరికి వెళ్ళినా, చుట్టాల ఇళ్ళు తిరగడానికే పండగ సరిపోయింది. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి కాస్త డబ్బు మిగిలింది. బయల్దేరదామనుకునేసరికి గోదావరికి వరద, పడవలు ఆపేశారు.

మీ ఇంట్లో కారణం ఇదేనా కాదా తేల్చుకోవాలంటే, అదే స్టేట్‌మెంట్‌ని రెండు కాపీలు తీయండి. ఒకరిది ఒకరు చూడకుండా ప్రతి ఖర్చు పక్కన 'స' అనో 'మొ' అనో రాయండి, సరదా, మొహమాటం అని. ఇద్దరూ 'స' రాసినవే నిజమైన సరదా. అవతలివాళ్ళు ఏమనుకుంటారోనని మొహమాటపడి 'స' రాయకండి, పరీక్ష చెడిపోతుంది. నేను సంక్రాంతి పక్కన 'మొ' రాసినందుకు మా ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. అయినా రాసి మంచి పనే చేశానంటాను.

పరిష్కారం మూడో ఖాతా. మేం దానికి 'చుట్టరికం' అని పేరు పెట్టుకున్నాం. ఒకరికైనా 'మొ' అనిపించిన ఖర్చులన్నీ అందులోంచే. ఎంత వేయాలో ఊహించక్కర్లేదు. మీ పెళ్ళిలో ఎవరో బాబాయి కూర్చుని చదివింపులు రాసిన నోటు పుస్తకం ఉంటుంది, అది బయటికి తీయండి. మీరు తిరిగి చదివించాల్సిన జాబితా అదే. అందులో పెళ్ళీడు పిల్లలున్న ఇళ్ళు ఎన్నో టిక్కు పెట్టండి. పంచాంగంలో ముహూర్తాలు ఏ నెలల్లో ఉన్నాయో, మూఢం ఎప్పుడో చూసుకుంటే ఏ నెల బరువో తెలిసిపోతుంది. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు (2024 నవంబర్‌కు ముందు 120), కాబట్టి సంక్రాంతి టికెట్ల ఖర్చు నవంబర్ మధ్యలోనే పడుతుంది. జనవరి లెక్కలో రాసుకోకండి.

దీన్ని రికరింగ్ డిపాజిట్‌లో వేయమని కొందరంటారు. వద్దు. పెళ్ళి పిలుపు మెచ్యూరిటీ దాకా ఆగదు.

మా లెక్క ప్రకారం చుట్టరికానికి నెలకు 3,100 పోయింది, సరదాకు 2,900 మిగిలింది. ఆ అంకె చూసి మొదట నీరసం వచ్చింది. కానీ ఆ 2,900 మీద ఇంకెవరూ చెయ్యి వేయలేదు. మూడో ఏడాది నవంబర్‌లో పడవ ఎక్కాం.

సమస్య: ఒకరు ఎక్కువ వాడేస్తున్నారని రెండోవారి గొడవ

సరదా డబ్బులోంచి ఇద్దరికీ సమానంగా కొంత చేతి ఖర్చుకి ఇచ్చేయండి. దానికి లెక్క అడగకూడదు. ఆయన క్రికెట్ కిట్ కొంటాడో, మీరు ఫేషియల్‌కి వెళ్తారో మూడో మాట లేదు. జీతాల్లో తేడా ఉన్నా ఈ మొత్తం మాత్రం సమానంగానే ఉండాలి.

సమస్య: నెల మొదట్లోనే తక్కువగా కనిపిస్తోంది

క్రెడిట్ కార్డు. బిల్లు తయారయ్యే తేదీ దాటాక గీకినది వచ్చే నెల బిల్లులోకి వెళ్తుంది, ఈ నెల సరదాకి వచ్చే నెల జీతం కడుతుంది. సరదాకి కార్డు మానేయండి. మినిమం డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రమే కడుతున్నారంటే సరదా సంగతి పక్కన పెట్టి ముందు దాన్ని తీర్చండి, కొత్తగా కొన్నవాటి మీద కూడా వడ్డీ పడుతుంటుంది.

మిగతావి

ఓటీటీ సబ్‌స్క్రిప్షన్లు, థియేటర్లో పాప్‌కార్న్ ధర, డెలివరీ చార్జీలు. అందరూ ముందు వీటి మీదే పడతారు. నేను చూసిన లెక్కల్లో అసలు చిల్లు ఇక్కడ ఉన్నది ఒక్కసారే, అదీ ఐదు ఓటీటీలు పెట్టుకున్న ఇంట్లో. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి చూడనివి ఆపేయండి, ఐదు నిమిషాల పని.

జీతాల్లో సగం ఇంటి ఈఎంఐకే పోతుంటే మాత్రం ఇవేవీ పనిచేయవు. అది వేరే రోగం, దానికి ఇక్కడ మందు లేదు.